ముఖానికి రోల్‌బ్యాక్ ఉందా?

మొన్నామధ్య ఓ శనివారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. న్యూజెర్సీలో ఉంటుంది. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అంటే ఇప్పుడు యాభై మూడు. ఇరవై ఏళ్ళకు పైగా టెస్టింగులో పని చేసి, పోయినేడాది లేఆఫ్‌లో ఉద్యోగం పోగొట్టుకుని, అప్పట్నించీ వీడియో ఇంటర్వ్యూలు ఇస్తూనే ఉంది.

"ఒరేయ్, నువ్వు అడ్డమైనవన్నీ చదువుతావు కదా. బొటాక్సా, ఫిల్లరా? ఏది మంచిదో చెప్పు."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

"నవ్వకురా. కెమెరా ఆన్ చెయ్యగానే అవతలి కుర్రాడు వాళ్ళ అమ్మని చూసినట్టు మొహం పెడుతున్నాడు. తర్వాత ఏం చెప్పినా వాడికి ఎక్కట్లేదు. వచ్చే నెల పెళ్ళికి హైదరాబాదు వస్తున్నా కదా, అక్కడైతే చవకట. ఇంకోటేంటంటే, ఇక్కడ మా ఫ్రెండుకి తెలిసినావిడ ఇంటికొచ్చి చేస్తుందట. అది పర్మనెంటట. ఒక్కసారి పెట్టించుకుంటే జన్మంతా ఉంటుందట. నాలుగు నెలలకోసారి డబ్బులు తగలేసే బదులు అది నయం కదా?"

వారం తర్వాత చెప్తానని ఫోన్ పెట్టేశాను గానీ, ఆ "జన్మంతా ఉంటుందట" అన్నమాట చెవిలో అలాగే ఉండిపోయింది. మనం చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రొడక్షన్‌లో ఏదైనా పెట్టబోయేముందు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "తేడా వస్తే వెనక్కి ఎలా తీస్తావ్?" అని. రోల్‌బ్యాక్ ప్లాను లేకపోతే శుక్రవారం సాయంత్రం ఒక బటన్ రంగు కూడా మార్చనివ్వరు. మరి మొహంలోకి సూదితో ఏదో ఎక్కించుకునేటప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరేం?

నేను డాక్టర్ని కాను. కాబట్టి వైద్యం జోలికి పోకుండా నాకు చేతనైన పని చేశాను. చరిత్ర చదివాను. ముఖంలోకి పదార్థాలు ఎక్కించే ఈ తతంగానికి 125 ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది, మనం అనుకున్నంత కొత్తదేమీ కాదు. అందులో పదే పదే కనపడేది ఒకటే కథ. "ఎంతకాలం ఉంటుంది?" అని అడిగినవాళ్ళు దెబ్బతిన్నారు. "తేడా వస్తే ఎలా పోతుంది?" అని అడగడం మొదలయ్యాకే ఈ రంగం కాస్త గాడిన పడింది.

సరే, మొదట్నించీ వద్దాం.

మైనం మొహాలు

1899. వియన్నాలో రాబర్ట్ గెర్సునీ అని ఒక సర్జన్. క్షయ వల్ల వృషణాలు పోగొట్టుకున్న ఒక యువకుడికి, లోటు పైకి కనిపించకుండా ఆ చోట వాజెలీన్ ఎక్కించాడు. అవును, మనం చలికాలం పెదాలకి రాసుకునే ఆ వాజెలీనే. అమెరికాలో చీస్‌బ్రో అనే ఆయన దానికి పేటెంటు తీసుకుని అప్పటికి పాతికేళ్ళు దాటింది. కాస్త వేడి చేస్తే ద్రవమవుతుంది, సూదిలోంచి లోపలికి పోతుంది, చల్లారాక గట్టిపడుతుంది. గట్టిపడేలోగా వేలితో నొక్కి ఆకారం ఇవ్వొచ్చు. గెర్సునీ ఫలితం బాగుందని రాశాడు. తర్వాత ముఖంలో గుంటలు పూడ్చడానికీ అదే వాడారు.

ఇప్పుడు వింటే "ఛీ" అనిపిస్తుంది గానీ, ఆనాటి పరిస్థితి చూస్తే అదేమీ మూర్ఖత్వం కాదు. యాంటీబయాటిక్స్ లేవు. కత్తి పెడితే చీము పట్టే ప్రమాదం, మచ్చ మిగలడం ఖాయం. సూదికి మచ్చ ఉండదు. పైగా ఆ రోజుల్లో సిఫిలిస్ ముదిరి ముక్కు దూలం కూలిపోయినవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. ముక్కు చూడగానే రోగం తెలిసిపోయేది, ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు. అలాంటివాళ్ళకి ఒక గంటలో ముక్కు నిలబెట్టి పంపిస్తుంటే అది వరం కాక ఇంకేమిటి? (మా అక్క బాధ కూడా ఇదే కదా. మొహం చూడగానే అవతలివాడు ముందే తీర్పు ఇచ్చేస్తున్నాడు.)

ఇంకో బలమైన వాదన కూడా ఉంది. పారఫిన్ దేనితోనూ రసాయనికంగా కలవదు. కాబట్టి ఒంట్లో అలాగే పడి ఉంటుంది, శాశ్వతం. ఆనాటి డాక్టర్లు దాన్ని ముఖ్యమైన సుగుణంగా చెప్పుకున్నారు. ముక్కుల తర్వాత ముడతలూ, చెంపల్లో గుంటలూ వచ్చి చేరాయి.

అయితే ఒంటికి రసాయన శాస్త్రం పాఠం అక్కర్లేదు. బయటి సరుకు లోపలికొస్తే రోగనిరోధక కణాలు చుట్టుముడతాయి. మింగలేవు, కరిగించలేవు. దాంతో చుట్టూ గోడ కడతాయి. నెలలకో, ఏళ్ళకో ఆ గోడ గట్టి గడ్డలా తయారవుతుంది. దానికి పారఫినోమా అని పేరే పెట్టాల్సి వచ్చింది. కొందరికి మైనం పెట్టిన చోట ఉండకుండా జారింది. రక్తనాళంలోకి పోతే ఇంకా ఘోరం. ముక్కులో పారఫిన్ ఎక్కించాక చూపు పోయిన కేసు ఒకటి 1903లోనే వైద్య పత్రికలో అచ్చయింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తీసేద్దామంటే అది ముద్దలా ఒకచోట ఉండదు. కండలోకి వేళ్ళు దిగినట్టు పాకి ఉంటుంది. కోసి తీస్తే దానితో పాటు కండ కూడా పోవాల్సిందే.

గ్లాడిస్ డీకన్ అని ఒక అమెరికన్ సుందరి ఉండేది, 1881లో పుట్టింది. యూరప్‌లో ఆమె అందం గురించి చెప్పుకోని పెద్దమనిషి లేడు. నుదుటి నుంచి ముక్కు దాకా గ్రీకు శిల్పంలా ఒకే గీత ఉండాలని సరదా పడి, ఇరవై రెండేళ్ళ వయసులో ముక్కు దూలంలోకి మైనం ఎక్కించుకుంది. గమనించండి, అప్పటికి ఆమె ముఖంలో సరిచెయ్యాల్సింది ఏమీ లేదు. మైనం కిందికి జారింది, గడ్డలు కట్టింది. 1921లో తొమ్మిదవ మార్ల్‌బరో డ్యూక్‌ను పెళ్ళి చేసుకుంది గానీ, వయసు పెరిగేకొద్దీ ముఖం పాడవుతూనే వచ్చింది. ఆ పెళ్ళీ నిలవలేదు. చివరి రోజుల్లో మనుషులకు దూరంగా బతికి 1977లో పోయింది. ఇంగ్లండులో బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌కు వెళ్ళినవాళ్ళు ముఖద్వారం పైకప్పు వైపు చూస్తే పెద్ద పెద్ద నీలికళ్ళ బొమ్మలు కనిపిస్తాయి. అవి ఆమె కళ్ళే, 1928లో వేయించినవి. మైనం ముట్టుకోని భాగం అదొక్కటే బొమ్మగా మిగిలింది.

ఇక్కడ మన భాషలో చెప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. డిప్లాయ్ చేసిన రోజు అంతా బాగుంది. బగ్ రిపోర్టు రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోగా అదే కోడ్ వేలమంది మొహాల్లోకి ఎక్కింది. అందరూ చూస్తున్నది మొదటి వారం ఫలితం. కొలవాల్సింది పదో ఏడు.

పేరు మారింది, తప్పు మారలేదు

మైనం నుంచి పాశ్చాత్య డాక్టర్లు తప్పుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సిలికోన్ వచ్చింది. యంత్రాల కోసం, విద్యుత్ పరికరాల కోసం తయారైన ద్రవం అది. "దేనితోనూ కలవదు, చెడిపోదు, శాశ్వతం." ఈ మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ?

జపానులో యుద్ధానంతరం ఆడవాళ్ళ వక్షోజాల్లోకి సిలికోన్ ద్రవం ఎక్కించడం మొదలైంది. 1960ల్లో అది లాస్ వెగాస్ నాట్యకత్తెల దాకా పాకింది. మళ్ళీ అవే గడ్డలు, అదే జారడం, చర్మం పుండ్లు పడటం. నెవాడా రాష్ట్రం 1970ల్లో ఆ ఇంజెక్షన్లను నేరం చేసేసింది. ముఖాన్నో ఒంటినో నింపడానికి సిలికోన్ ద్రవం ఎక్కించడానికి అమెరికాలోని ఎఫ్‌డీఏ ఎప్పుడూ అనుమతి ఇవ్వలేదు. 2017లో కూడా దాని మీద జనానికి హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చిందంటే, ఇళ్ళల్లో, హోటల్ గదుల్లో చాటుగా ఎక్కిస్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారన్నమాటే.

అక్క ఫ్రెండుకి తెలిసినావిడ ఇంటికి పట్టుకొచ్చే "పర్మనెంటు" ఏమిటో అక్కకి తెలీదు, ఆ ఫ్రెండుకీ తెలీదు. సీసా మీద పేరు ఎవరూ చూడలేదు. ఇక్కడిదాకా చదివేసరికే నాకు సగం జవాబు దొరికింది.

ఆవు చర్మమూ, టెస్ట్ కేసూ

1970ల్లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ దగ్గర కొందరు పరిశోధకులు వేరే దారి పట్టారు. చర్మానికి బిగువు ఇచ్చేది కొలాజెన్ అనే ప్రోటీను. వయసుతో, ఎండతో అది తగ్గిపోతుంది. తగ్గినదాన్నే తిరిగి పెడితే? ఆవు చర్మం నుంచి కొలాజెన్ తీసి, శుద్ధి చేసి, సూదిలో ఎక్కేట్టు తయారుచేశారు. జైడెర్మ్ అనే పేరుతో 1981లో దానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. (మనవాళ్ళలో ఎంతమందికి అది ఆవుదని తెలిసి ఉంటుందో!)

దీనితో రెండు కొత్త సంగతులు వచ్చాయి. ఒకటి, ముందు చేతి మీద కొంచెం ఎక్కించి నాలుగు వారాలు ఆగి చూడాలి. నూటికి సుమారు ముగ్గురికి అది పడేది కాదు. అంటే మొహం అనే ప్రొడక్షన్‌కి ముందు చెయ్యి అనే టెస్ట్ సర్వర్ అన్నమాట. రెండోది, మూడు నుంచి ఆరు నెలల్లో ఒళ్ళు దాన్ని అరిగించేసుకునేది. అప్పట్లో అందరూ దాన్ని లోపం అన్నారు. అరే, ఇంత డబ్బు పోసి ఆర్నెల్లేనా అని.

కానీ చూడండి, గడ్డలు కట్టి జీవితాంతం వెంటాడే సమస్య చాలావరకు తగ్గింది ఆ "లోపం" వల్లే. ఒంటికి తెలిసిన పదార్థం, ఒళ్ళు అరిగించుకోగల పదార్థం. తేడా వచ్చినా దానంతట అదే పోతుంది. మన భాషలో టైమవుట్.

సాసేజీ విషం

ఇప్పుడు అక్క అడిగిన మొదటి పేరుకొద్దాం. దీని పుట్టుక ఇంకా విచిత్రం.

1820ల ప్రాంతంలో జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో యుస్టినుస్ కెర్నర్ అనే డాక్టరు ఉండేవాడు. కవి కూడా. పాడైన సాసేజీలు తిని కనురెప్పలు వాలిపోయి, మింగలేక, ఊపిరాడక చనిపోతున్నవాళ్ళ వివరాలు ఓపిగ్గా పోగుచేశాడు. ఆ విషం నరాల సంకేతాలను ఆపుతోందని గ్రహించాడు. అంతటితో ఆగకుండా, చాలా కొద్ది మోతాదులో ఇస్తే అతిగా కదిలే కండరాల జబ్బులకి ఇదే మందు కావచ్చని కూడా ఊహించాడు. లాటిన్‌లో సాసేజీని బొటులుస్ అంటారు. బొటాక్స్ పేరులో సగం అక్కడిదే.

1895లో బెల్జియంలో ఎలెజెల్ అనే ఊళ్ళో ఒక చావు భోజనంలో పంది మాంసం తిని, బ్యాండు మేళం వాళ్ళతో సహా ముప్పై మందికి పైగా జబ్బు పడ్డారు, ముగ్గురు పోయారు. వాన్ ఎర్మెంజెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోంచి బాక్టీరియాను పట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఈ విషం మీద పరిశోధన చేసి, 1946కల్లా స్ఫటిక రూపంలో శుద్ధి చేయగలిగింది. ఆ బృందంలోని ఎడ్వర్డ్ షాంట్జ్ దగ్గర్నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కంటి డాక్టరు అలన్ స్కాట్‌కి కొంత సరుకు అందింది. మెల్లకన్ను సరిచేయడానికి దాన్ని మొదట కోతులకీ, 1970ల చివర్లో మనుషులకీ ఇచ్చాడు. 1989 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, మెల్లకన్నుకీ, రెప్పలు గట్టిగా మూసుకుపోయే జబ్బుకీ. 1991లో అలర్గన్ కంపెనీ దాన్ని సుమారు 90 లక్షల డాలర్లకు కొనుక్కుని బొటాక్స్ అని పేరు పెట్టింది. మన లెగసీ కోడ్ లాంటి ముచ్చట ఒకటి: 1979లో షాంట్జ్ తయారుచేసిన ఒకే ఒక్క బ్యాచ్‌తో 1997 దాకా నడిపారు!

ముడతల సంగతి అనుకోకుండా బయటపడింది. 1987లో వాంకూవర్‌లో జీన్ కరూథర్స్ అనే కంటి డాక్టరు రెప్పల జబ్బున్న ఒకామెకు వైద్యం చేస్తోంది. ఈసారి కనుబొమల మధ్య ఇంజెక్షన్ వెయ్యలేదేమని ఆ రోగి అలిగింది. అక్కడ వేసినప్పుడల్లా తన మొహం ప్రశాంతంగా కనిపిస్తోందట. జీన్ భర్త అలస్టేర్ చర్మ వైద్యుడు. కనుబొమల మధ్య గీతలు పోగొట్టలేక తలపట్టుకుంటున్నవాడు. ఇంకేం, మొదట తమ రిసెప్షనిస్టు మీద ప్రయత్నించి చూశారు, 1992లో వ్యాసం ప్రచురించారు. 2002 ఏప్రిల్లో కనుబొమల మధ్య గీతలకి అమెరికాలో అధికారిక అనుమతి వచ్చింది.

ఇది పనిచేసే తీరు మనకి తేలిగ్గా అర్థమవుతుంది. నరం బాగానే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది. మధ్యలో మెసేజ్ క్యూ ఆగిపోతుంది. కండరం ముడుచుకోదు కాబట్టి పైన చర్మం ముడత పడదు. మూడు, నాలుగు నెలల్లో నరం మళ్ళీ సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. విరుగుడు ఇచ్చి అప్పటికప్పుడు వెనక్కి తీసే దారి లేదు. రెప్ప వాలిపోతే కొన్ని వారాలు ఓపిక పట్టాల్సిందే. కానీ పోతుంది. ప్రపంచంలోని అతి భయంకరమైన విషాల్లో ఒకటి ముఖంలోకి ఎక్కించడానికి అనుమతి వచ్చిందంటే దానికి మోతాదు ఒక కారణం, టైమవుట్ ఇంకో కారణం.

అన్‌డూ బటన్

రెండో పేరు ఫిల్లర్. ఈ రోజుల్లో ఫిల్లర్ అంటే ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని ఆవు కంటిలోని జిగురు నుంచి కనిపెట్టారు. (మళ్ళీ ఆవే!) మన చర్మంలో, కీళ్ళలో ఇది సహజంగా ఉంటుంది. నీటిని పట్టి ఉంచుతుంది. ఒళ్ళు రోజూ కొంత తయారుచేసుకుంటూ కొంత కరిగించుకుంటూ ఉంటుంది. ఊరికే ఎక్కిస్తే రోజుల్లో మాయమవుతుంది కాబట్టి అణువుల మధ్య అడ్డ లంకెలు వేసి జెల్‌గా చేశారు. మొదట్లో కోడిపుంజు జుట్టు నుంచి తీసేవారు. తర్వాత స్వీడన్‌లోని క్యూ-మెడ్ కంపెనీ బాక్టీరియాతో పులియబెట్టి తయారుచేసింది. రెస్టిలేన్ పేరుతో అది 1996లో యూరప్‌లో, 2003 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. కొద్ది ఏళ్ళలోనే కొలాజెన్‌ను పక్కకి నెట్టేసింది.

చర్మ పరీక్ష అక్కర్లేకపోవడం, ఎక్కువకాలం ఉండటం దీని విజయానికి కారణాలని చెప్తారు. నాకు మాత్రం మూడో కారణం గొప్పదనిపించింది. 1928లో డ్యురాన్-రేనాల్స్ అనే శాస్త్రవేత్త, చర్మం కింద మందులు త్వరగా వ్యాపించేలా చేసే పదార్థం ఒకటి ఉందని గమనించాడు. అది హయలురోనిడేజ్ అనే ఎంజైము అని తర్వాత తేలింది. కంటి ఆపరేషన్లలో మత్తుమందు బాగా పాకడానికి దశాబ్దాలుగా వాడుతున్నదే. దాన్ని ఫిల్లర్ ఉన్నచోట ఎక్కిస్తే ఫిల్లర్ కరిగిపోతుంది. గెర్సునీ తర్వాత వందేళ్ళకి, ముఖంలోకి ఎక్కించినదాన్ని కత్తి లేకుండా తీసే దారి దొరికింది. అసలైన అన్‌డూ!

ఆ ఆనందంలో ఉండగానే "శాశ్వతం" మళ్ళీ తలుపు తట్టింది. 2006 అక్టోబరులో సన్నటి ప్లాస్టిక్ గుళికలు కలిపిన ఒక ఫిల్లర్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది, అది ఒంట్లో అరగదు. అదే ఏడాది చైనా ప్రభుత్వం పాలీఅక్రిలమైడ్ జెల్ ఇంజెక్షన్లను నిషేధించింది. ఎక్కించుకున్న ఎంతోమందికి గడ్డలూ, చీమూ మిగిలాక. మధ్యరకాలూ ఉన్నాయి. పాలీలాక్టిక్ యాసిడ్‌కి 2004లో అనుమతి వచ్చింది, హెచ్ఐవీ వల్ల బుగ్గలు పీక్కుపోయినవాళ్ళ కోసం. ఆ పీక్కుపోయిన బుగ్గలు చూసి రోగం పట్టేస్తారని వాళ్ళు బయటికి రావడానికే భయపడేవాళ్ళు. పాత ముక్కుల కథే మళ్ళీ. అది ఒంటి చేత కొత్త కొలాజెన్ పుట్టిస్తుంది, నెమ్మదిగా కరుగుతుంది. కానీ దానికి హయలురోనిడేజ్ లాంటి విరుగుడు లేదు.

అయితే అంతా బాగున్నట్టేనా?

ఇక్కడ ఆపేస్తే నేను ఫిల్లర్ కంపెనీకి బ్రోచర్ రాసినట్టు ఉంటుంది. రెండు అభ్యంతరాలు చెప్పుకోవాలి.

ఒకటి డబ్బు. నాలుగు నెలల్లో పోయే వస్తువు అమ్మేవాడికి బంగారు బాతు. ఒక్కసారి లైసెన్సు కొనుక్కునే రోజులు పోయి నెలనెలా చందా కట్టే రోజులు మన రంగంలో ఎలా వచ్చాయో, ఇదీ అంతే. 90 లక్షల డాలర్లకు కొన్న బొటాక్సే అలర్గన్‌కు ప్రధాన ఆదాయమై కూర్చుంది. 2020లో ఆ కంపెనీని యాబ్‌వీ సుమారు 6,300 కోట్ల డాలర్లకు కొన్నది. అక్క చిరాకు అబద్ధం కాదు. తాత్కాలికం అంటే ఖర్చు శాశ్వతం. మొదలుపెట్టేముందే "ఏడాదికి ఎంత, ఎన్నేళ్ళు?" అని లెక్క వేసుకోవాలి. మానేస్తే ఏమవుతుందంటారా, ముఖం తన వయసుకి తను వస్తుంది. అంతకంటే ఏమీ కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. అన్‌డూ బటన్ అన్నివేళలా పనిచెయ్యదు. 1903 నాటి చూపు పోయిన కేసు గుర్తుంది కదా? 2015 మేలో ఎఫ్‌డీఏ ఇదే హెచ్చరిక ఇచ్చింది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అరుదే. కానీ వందేళ్ళలో పదార్థం మారింది గానీ ముఖంలో రక్తనాళాలు మారలేదు. నుదురు, కనుబొమల మధ్య, ముక్కు దగ్గరి నాళాలకి కంటి నాళాలతో లంకె ఉంది. ఎంజైము ఉన్నా, పక్కన ఉండి వెంటనే వేసేవాళ్ళు కావాలి. కంటికి రక్తం ఆగితే చేతిలో ఉండేది నిమిషాలే, అప్పుడు ఎంజైము వేసినా చూపు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. ఇంకోటి, ఆర్నెల్లు, ఏడాది అని అమ్మిన హయలురోనిక్ ఫిల్లర్ కొందరి ముఖాల్లో ఏళ్ళ తర్వాత కూడా ఎమ్మారైలో కనిపించింది. టైమవుట్ విలువ డాక్యుమెంటులో రాసినంత కచ్చితం కాదన్నమాట.

రోల్‌బ్యాక్ స్క్రిప్టు ఉండటం వేరు, రాత్రి రెండింటికి దాన్ని నడిపే మనిషి డ్యూటీలో ఉండటం వేరు. ఆ రెండో విషయం మనకి చెప్పక్కర్లేదు :)

అక్కకి చెప్పినది

వారం తర్వాత ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. సగంలో "చరిత్ర పాఠం ఆపి జవాబు చెప్పరా" అంది. సరే అని ఇలా చెప్పాను.

ఒకటి. "బొటాక్సా, ఫిల్లరా" అన్నది "ర్యామా, హార్డ్ డిస్కా" అని అడిగినట్టే. రెండూ వేరు వేరు పనులు. మొహం కదిలించినప్పుడు పడే గీతలు, అంటే కనుబొమల మధ్య, నుదుటి మీద, కళ్ళ పక్కన పడేవి, కండరం పని. దానికి బొటాక్స్ తరహా మందు. బుగ్గలు లోపలికి పోవడం, ముక్కు పక్క నుంచి నోటి దాకా మడత లోతవడం, ఇవి కింద ఉన్న కొవ్వూ ఎముకా తరగడం వల్ల వచ్చేవి. దానికి ఫిల్లర్. ఎండకి వచ్చిన మచ్చలకీ, గరుకుదనానికీ ఈ రెండూ పనికిరావు. దానికి సన్‌స్క్రీనూ, పూతమందులూ. చర్మం బాగా వేలాడిపోతే సూదితో అయ్యే పని కాదు. కాబట్టి ముందు నీకు అద్దంలో కష్టంగా ఉన్నది ఏదో తేల్చుకో.

రెండు. దేన్ని ఎంచుకున్నా మూడు ప్రశ్నలు అడుగు. ఇది దానంతట అదే పోతుందా? మధ్యలో తీయాలంటే తీయగలరా? తీసే మందు ఈ క్లినిక్కులో ఇప్పుడు, ఈ అల్మరాలో ఉందా? మూడింటికీ "లేదు" వస్తే లేచి వచ్చెయ్. మొదటిసారి అయితే శాశ్వతమైన దాని జోలికే పోకు. నీ ముఖం పదేళ్ళలో మారుతుంది, నిన్న పెట్టిన పదార్థం మారదు.

మూడు. ఇంటికొచ్చి చేసేవాళ్ళు వద్దే వద్దు. 2024 ఏప్రిల్లో మీ అమెరికాలోనే నకిలీ బొటాక్స్ వల్ల చాలా రాష్ట్రాల్లో జనం జబ్బు పడ్డారని ప్రభుత్వమే హెచ్చరించింది, కొందరు ఆసుపత్రి పాలయ్యారు కూడా. చర్మ వైద్యులో, ప్లాస్టిక్ సర్జనో చెయ్యాలి. సీసా నీ ముందు తెరవాలి. బ్రాండూ, బ్యాచ్ నంబరూ, ఎన్ని యూనిట్లో రాయించుకో. ఒక బ్రాండు యూనిటూ ఇంకో బ్రాండు యూనిటూ ఒకటి కాదు, వాటి ధరలు పోల్చడం రూపాయినీ డాలర్నీ పోల్చినట్టు ఉంటుంది. నువ్వు వాడే మందులూ, నరాల జబ్బులేమైనా ఉంటే అవీ ముందే చెప్పు.

నాలుగు. హైదరాబాదు విషయం. ఇక్కడ మంచి డాక్టర్లు లేరని కాదు, ఉన్నారు. కానీ నువ్వు పెళ్ళికి ముందురోజు చేయించుకుని, నాలుగోరోజు విమానం ఎక్కుతావు. చర్మం రంగు మారడం లాంటివి గంటల్లో, రోజుల్లో బయటపడతాయి. గడ్డలైతే నెలల తర్వాత. అప్పుడు నువ్వు న్యూజెర్సీలో, డాక్టరు జూబిలీహిల్స్‌లో. రిలీజ్ చేసినవాడు ఒక దేశంలో, సపోర్టు ఇంకో దేశంలో ఉంటే ఏమవుతుందో నీ అంత బాగా ఎవరికి తెలుసు?

ఈ చివరిది విని అక్క గట్టిగా నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వడం.

"సర్లే. ఆ ఇంటికొచ్చేదాన్ని వద్దంటాను. పెళ్ళికి ఇలాగే వస్తా. తిరిగెళ్ళాక ఇక్కడే ఒక చర్మం డాక్టర్ని కలిసి, కనుబొమల మధ్య మాత్రం అడుగుతా. నాలుగు నెలల్లో పోతుంది అంటున్నావుగా, నచ్చకపోతే పోతుంది." కాసేపాగి, "అప్పటికి ఉద్యోగం వచ్చేస్తే ఆ డబ్బులతో పిల్లకి లాప్‌టాప్ కొంటా" అంది.

వద్దని నేను చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదనిపించింది. ముక్కు కూలిపోయినవాడు మైనం పెట్టించుకోవడానికీ, పీక్కుపోయిన బుగ్గలు నింపించుకోవడానికీ, మా అక్క కెమెరా ముందు కూర్చోబోయేముందు నుదురు చూసుకోవడానికీ వెనక ఉన్నది ఒకటే భయం. చూసేవాళ్ళ కళ్ళు. వాటికి ఇంజెక్షన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఫోన్ పెట్టేముందు అడిగింది, "మరి నువ్వో? చేయించుకుంటావా?"

ఇరవై రెండేళ్ళు స్క్రీను వైపు కళ్ళు చిట్లించి చూసినందుకు నా కనుబొమల మధ్య కూడా రెండు నిలువు గీతలు పడ్డాయి, అచ్చు పదకొండు అంకెలా. వచ్చే నెల నాకూ ఒక ఇంటర్వ్యూ ఉంది. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. "ఆలోచిస్తున్నా" అన్నాను.